శ్రీకాకుళం గాలిలో నీటిరంగులు ఎందుకు మాట వినవు

వేసవిలో బాగానే వచ్చిన ఆకాశం ఆషాఢంలో మచ్చలు పడుతుంది. అదే కుంచె, అదే రంగుల డబ్బా, అదే కాగితం. వీడియోలో చూపించినట్టే చేశారు, చెప్పినంతసేపూ ఆగారు. అయినా రెండో పొర వేయబోతే కింది రంగు లేచి వచ్చేస్తుంది. మబ్బు అంచు మెత్తగా కలిసిపోవాల్సిన చోట కాలీఫ్లవర్ పువ్వు విచ్చుకున్నట్టు మరక తేలుతుంది. నాలుగు కాగితాలు ఇలా పాడయ్యాక, తనకు చేయి తిరగలేదని తీర్మానించుకుని పెట్టెలో పెట్టేసేవాళ్లు ఎందరో. చాలాసార్లు అసలు కారణం గాలిలో ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. జూన్‌లో నైరుతి వచ్చింది మొదలు అక్టోబరు, నవంబరు తుపానుల దాకా ఇక్కడి గాలి తడితోనే ఉంటుంది. ఆరేసిన బట్టలు మర్నాటికి కూడా చెమ్మగానే ఉంటాయి, డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది, వేయించిన అప్పడం కాసేపటికే మెత్తబడుతుంది. ఇవన్నీ ఇంట్లో అందరికీ తెలిసినవే. అదే ఇంట్లో గోడకు ఆనించి పెట్టిన డ్రాయింగ్ షీటు కూడా అంతే తడి పీల్చుకుంటుందన్న సంగతి మాత్రం తట్టదు. కాగితమంటే నారే కదా. తడిగాలిలో పీలుస్తుంది, పొడిగాలిలో వదులుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు చలి దేశాల్లో, హీటరు నడిచే పొడి గదుల్లో తీసినవి. అక్కడి ‘ఐదు నిమిషాలు ఆగండి’ అన్న మాట ఇక్కడ జులైలో అరగంట కావచ్చు, మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద రెండు నిమిషాలే కావచ్చు. గడియారం చూసి వేసే నీటిరంగు ఇక్కడ కుదరదు. కాగితాన్ని చూసి వేయడం నేర్చుకోవాలి.

మెరుపు పోయినా తడి పోదు

నీళ్లు పూసిన కాగితాన్ని కిటికీ ముందు పెట్టి, తల దించి పక్కనుంచి చూస్తే దాని స్థితి తెలుస్తుంది. మొదట నీరు నిలిచి అద్దంలా మెరుస్తుంది. అప్పుడు వేసిన రంగు పలకను ఎటు వాలిస్తే అటు పారిపోతుంది, ఏ ఆకారమూ నిలవదు. కాసేపటికి నిలిచిన నీరు ఇంకుతుంది. కాగితం గరుకు కనబడుతూనే పైన సన్నని నిగనిగ ఉంటుంది. మబ్బులు, పొగమంచు, దూరపు కొండల అంచులు వేయడానికి ఇదే అదను. తర్వాత ఆ నిగనిగ పోతుంది, కానీ లోపల తడి అలాగే ఉంటుంది. కొత్తవాళ్లు పాడుచేసుకునేది సరిగ్గా ఈ మూడో స్థితిలోనే. చూపుకు ఆరినట్టే ఉంటుంది కాబట్టి ‘కొంచెం సరిచేద్దాం’ అని నీళ్ల కుంచె ఆనిస్తారు. మరక అక్కడ పుడుతుంది.

ఎందుకు పుడుతుందో తెలిస్తే భయం సగం పోతుంది. నీరు ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది. సగం ఆరిన కాగితం మీద కుంచెలోని నీరు పడగానే అది చుట్టూ వ్యాపిస్తూ, దారిలో ఇంకా అంటుకోని రంగు రేణువులను ముందుకు తోసుకుపోతుంది. ఎక్కడ ఆగితే అక్కడ ఆ రేణువులన్నీ గట్టులా పేరుకుంటాయి. టేబుల్ మీద ఒలికిన టీ చుక్క ఆరాక చూడండి, మధ్యలో పల్చగా, అంచున చిక్కగా ఉంటుంది. జరిగేది ఇంచుమించు అదే. అందుకే పని నేర్చినవాళ్లు ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటారు: తడి కాగితం మీదికి వెళ్లే కుంచెలో కాగితం కన్నా తక్కువ తడి ఉండాలి. కుంచెను రంగులో ముంచాక పాత లుంగీ గుడ్డ మీద ఒకసారి ఒత్తి, అప్పుడు కాగితం మీదికి తీసుకెళ్లాలి. గుడ్డ ఎడమచేతిలో లేకుండా నీటిరంగు మొదలుపెట్టకూడదు. కుంచె ఎంత ముఖ్యమో గుడ్డ అంత ముఖ్యం.

ఇక పూర్తిగా ఆరిందో లేదో చూడడానికి వేళ్లు పనికిరావు. వేళ్ల జిడ్డు అంటిన చోట రంగు సరిగ్గా పట్టదు. చేతి వెనక వైపు తేలిగ్గా ఆనించాలి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. వానాకాలంలో ఈ చల్లదనం ఎంతకీ వదలదు. రెండో పొర కింది పొరను లేపేయడానికి మూలం ఇక్కడ ఉంది, అడుగు ఆరకముందే పైన మొదలుపెట్టడం.

దీన్ని ఒంటబట్టించుకోవడానికి బొమ్మ వేయనక్కర్లేదు. రెండు అంగుళాల వెడల్పు ఉన్న కాగితం పట్టీ ఒకటి తీసుకుని మొత్తం నీళ్లు పూయాలి. రెండు నిమిషాలకొకసారి అల్ట్రామెరీన్ నీలంతో ఒక చుక్క పెట్టి, కింద పెన్సిలుతో టైము రాయాలి. మొదటి చుక్క మేఘంలా విచ్చుకుపోతుంది, తర్వాతవి క్రమంగా చిన్నవవుతాయి, చివరిది అంచు తెగినట్టు గుండ్రంగా నిలుస్తుంది. ఇదే పని జులైలో ఒకసారి, జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి చేసి మూడు పట్టీలూ గోడకు అంటించుకుంటే, సొంత ఇంటి గాలి ఎలా నడుస్తుందో ఎదురుగా కనిపిస్తుంది. కళింగపట్నంలో వేసిన పట్టీ, పార్వతీపురంలో వేసిన పట్టీ ఒకలా ఉండవు. సముద్రం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ ఆరే తీరు మారిపోతుంది.

నాగావళి మీద ఒక వాన మబ్బు

ఈ లెక్క అంతా ఒక్క బొమ్మలో ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూద్దాం. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు, ఆషాఢం, వాన ఇంకో గంటలో వచ్చేలా ఉంది. కాగితం చిన్నది చాలు. 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉండే ఫుల్ షీటును ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి ఏడున్నర, పదకొండు అంగుళాలు వస్తుంది. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) కాగితమైతే మేలు. దాన్ని అట్టకు నాలుగు వైపులా టేపు వేసి, అట్ట పై అంచు కింద ఒక అగ్గిపెట్టె పెడితే చాలినంత వాలు వస్తుంది.

నీళ్లు ముట్టుకోకముందే రంగులు కలిపి పెట్టుకోవాలి. దోసె పెనం మీద పోశాక పిండి రుబ్బుకోవడం ఎలా కుదరదో ఇదీ అంతే. సగం ఆకాశం వేశాక పాలెట్‌లో రంగు అయిపోతే, మళ్లీ కలుపుకునేలోగా కాగితం మూడో స్థితికి వచ్చేస్తుంది. రెండు గుంటల నిండా అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపిన బూడిద రంగు ఉండాలి. ఒకదానిలో నీలం పాలు ఎక్కువ, రెండోదానిలో సియెన్నా పాలు ఎక్కువ. మూడో గుంటలో బాగా పల్చటి యెల్లో ఓకర్ (మట్టి పసుపు). నల్ల రంగు అక్కర్లేదు. డబ్బాలో ఉన్న నలుపును మబ్బుకు వాడితే మసి పూసినట్టుంటుంది, అందులో గాలి ఆడదు.

ఇప్పుడు ఆకాశమంతా శుభ్రమైన నీళ్లు పూయాలి, ఒక్క చోట తప్ప. వెలుగు తగిలే మబ్బు భుజం దగ్గర కాగితాన్ని పొడిగా వదిలేయాలి. అక్కడ అంచు తెగి కనబడుతుంది, మిగతా చోట్ల కరిగిపోతుంది. రెండు రకాల అంచులూ ఒకే మబ్బులో ఉన్నప్పుడే దానికి బరువు వస్తుంది. నిలిచిన నీరు ఇంకి నిగనిగ మిగిలేదాకా ఆగి, దిగంతం దగ్గర ఓకర్, పైన చల్లటి బూడిద, మబ్బు పొట్టలో వెచ్చటి బూడిద వదలాలి. అల్ట్రామెరీన్ రేణువులు ముతకగా ఉంటాయి, కాగితం గుంటల్లో దిగిపోతాయి. సియెన్నా పక్కకు విడిపోతుంది. వాన మబ్బులో కనిపించే ఆ గరుకు రంగు దానంతటదే వస్తుంది, చుక్కలు పెట్టి తెప్పించాల్సిన పని లేదు. దూరాన వాన పడుతున్నట్టు కావాలంటే అట్టను పైకెత్తి ఒక పక్కకు వాల్చి కాసేపు పట్టుకుంటే చాలు.

ఆపైన చేయాల్సింది ఏమీ చేయకపోవడం. ఇది అన్నిటికన్నా కష్టం. మెరుపు పోతున్న కాగితాన్ని చూస్తుంటే చేతులు ఊరుకోవు, టెన్షన్ వచ్చేస్తుంది. లేచి వెళ్లి టీ పెట్టుకోవడం మంచిది. జులైలో ఆ టీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా కాగితం ఇంకా చెమ్మగానే ఉంటుంది. అప్పుడు అవతలి ఒడ్డు చెట్ల వరస వేయొచ్చు. కుంచెలో నీరు దాదాపు లేకుండా, రంగు చిక్కగా ఉంటే చెట్ల పై అంచు కొంచెం మాత్రమే విచ్చుకుని, తడిగాలిలో దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. చేతి వెనక వైపుకు చల్లదనం పూర్తిగా పోయాకే ఏటి నీళ్లు, ఇసుక మేటలు. వరద నీటికి ఓకర్, సియెన్నా, చిటికెడు అల్ట్రామెరీన్. ఆకాశం నీలంగా ఉన్నా ఆ నీరు నీలంగా ఉండదు. తెలుగు పిల్లల బొమ్మల్లో ఏరు ఎప్పుడూ నీలంగానే ఎందుకు పారుతుందో అర్థం కాదు. వానాకాలం నాగావళి మట్టి రంగు, అందరూ రోజూ వంతెన మీంచి చూసేదే.

అదే చోటు మే నెలలో వేస్తే మొత్తం లెక్క తిరగబడుతుంది. ఆకాశం సగంలో ఉండగానే పై భాగం ఆరిపోయి చారలు పడతాయి. కాగితం వెనక వైపు కూడా తడిపి, ప్లాస్టిక్ పలక మీద పరిస్తే తడి ఎక్కువసేపు నిలుస్తుంది. నీళ్ల గిన్నెలో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ వేసేవాళ్లూ ఉన్నారు. అది వేసవికి బాగుంటుంది. వానాకాలంలో మాత్రం ఆ బొమ్మ ఎన్నాళ్లకూ జిగురుగానే ఉండిపోతుంది, ఆ పొరపాటు చేయొద్దు. వేసవిలో ఉదయం ఎనిమిదిలోపు పని ముగించేసుకోవడం వీటన్నిటికన్నా తేలిక.

తడి ఎక్కువ ఉన్న చోట దాన్నే పద్ధతిగా మార్చుకున్నవాళ్లు ఉన్నారు. 1903లో యొకోయామా తైకాన్ వంటి జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చి ఉన్న రోజుల్లో, వాళ్ల పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ వాష్ పద్ధతిని రూపొందించుకున్నారు. వేసిన బొమ్మను ఆరాక మొత్తంగా నీళ్లలో తడిపి, కాగితాన్ని పట్టుకోని రంగును వదిలించి, పైన పల్చటి పొర పూసి, మళ్లీ ఆరబెట్టి, మళ్లీ తడపడం. ఇలా ఎన్నోసార్లు చేస్తే రంగులు లోపలికి దిగి, బొమ్మంతా ఒకే గాలిలో ఉన్నట్టు కలిసిపోతుంది. కలకత్తాది కూడా తడి గాలే. ఆరడానికి గంటలు పట్టే మన వానాకాలంలో, రోజుకు ఒక్క పొర చొప్పున వేస్తూ ఈ పద్ధతిని సాధన చేయడం చాలా బాగా కుదురుతుంది. ఒకేసారి పూర్తిచేయాలన్న తొందర ఉన్నవాళ్లకు ఇది మంచి మందు కూడా.

కాగితం లోపలి బంక

మంచి కాగితం కొన్నా ఆరు నెలలకు అది బ్లాటింగ్ పేపరులా అయిపోయిందని కొందరు వాపోతారు. దానికీ కారణం ఈ చెమ్మే. నీటిరంగుల కాగితానికి తయారీలోనే జెలటిన్ లాంటి బంక పట్టిస్తారు. రంగు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైన నిలిచేది దానివల్లే. చెమ్మ తగిలి బూజు పట్టిందంటే ఆ బంక దెబ్బతింటుంది. కంటికి కాగితం కొత్తదిలాగే ఉంటుంది, పల్చటి రంగు పొర వేశాక మాత్రం చెల్లాచెదురుగా ముదురు మచ్చలు పడతాయి. కొనేటప్పుడు, వాడబోయే ముందు ఒక మూల నీటిచుక్క పెట్టి చూడాలి. చుక్క కాసేపు బోర్లించిన గిన్నెలా నిలబడితే బంక బాగున్నట్టు, వెంటనే ఇంకిపోతే కాగితం చచ్చినట్టు. షీట్లను గోడకు, నేలకు దూరంగా, ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేసి దాచుకోవాలి. పాడైన షీటును పారేయక్కర్లేదు, పోస్టర్ రంగులకు, పెన్సిల్ స్కెచ్‌లకు అది పనికొస్తుంది.

ట్యూబు రంగుల్లో ఉండేది తుమ్మ జాతి చెట్ల బంక. కొన్ని కంపెనీలు ఆరిపోకుండా తేనె కూడా కలుపుతాయి. పని అయ్యాక పాలెట్ తడిగా ఉండగానే మూత వేస్తే వారంలో బూజు తెల్లగా కమ్మేస్తుంది. రాత్రంతా మూత తీసి ఆరనిచ్చి పొద్దున్న మూయాలి.

ఆ గాలే కొండలను కడిగేస్తుంది

కాగితాన్ని ఆరనివ్వని తడే దూరపు రంగులనూ మారుస్తుంది. గాలిలో చెమ్మ ఎక్కువున్నప్పుడు వెలుగు చెదిరి, కొండలు పాలు కలిపినట్టు తేలిపోతాయి. మందస వైపు నుంచి 1,501 మీటర్ల మహేంద్రగిరి కొన్ని రోజులు అసలు కనిపించదు, కొన్ని రోజులు ఆకాశంలో పల్చటి గీతలా ఉంటుంది. గట్టి వాన కురిసి తెరిపిచ్చిన సాయంత్రం మాత్రం లోయలు కూడా లెక్కపెట్టగలిగేంత దగ్గరకు వచ్చేస్తుంది. అదే కొండకు ఇన్ని దూరాలు. బొమ్మలో దూరం తెప్పించేది ఈ ముదురు, లేత తేడాయే. రంగు దాని తర్వాత.

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు తయారయ్యేవాళ్లు పెన్సిల్ షేడింగ్ చక్కగా చేస్తారు. రంగు చేతికి రాగానే ఆ షేడింగ్ అంతా మరిచిపోతారు. చొక్కా ఎరుపు అని ఎరుపు పూస్తారు, ఆ ఎరుపు పక్కనున్న ఆకుపచ్చ కన్నా ముదురా, లేతా అని అడగరు. అందుకని ప్రతి బొమ్మకు ముందు అగ్గిపెట్టెంత గడిలో ఒక్క బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) రంగుతో మూడే మెట్లు వేసుకోవాలి: వదిలేసిన తెల్ల కాగితం, నడిమి ఛాయ, ముదురు. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి ఈ మూడే మిగులుతాయి. ఫోనులో ఆ దృశ్యాన్ని నలుపు తెలుపులో తీసి పోల్చుకోవచ్చు. మూడు మెట్లలో నిలబడని బొమ్మను ముప్ఫై రంగులు వేసినా నిలబెట్టలేం. ఇంకో సంగతి, నీటిరంగు ఆరాక ఒక మెట్టు తేలిపోతుంది. తడిగా ఉన్నప్పుడు ‘అబ్బే, మరీ ముదురు’ అనిపించిందే ఆరాక సరిపోతుంది.

తెలుపు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నీటిరంగుల్లో తెలుపంటే వదిలేసిన కాగితం. సున్నం కొట్టిన గోడ వేయాలంటే ముందు ఆ గోడ చుట్టూ ఉన్నవి వేయాలి. నీడలో ఉన్న సున్నపు గోడను గమనిస్తే పై భాగం ఆకాశం పడి నీలంగా, అడుగు భాగం ఎర్రమట్టి వాకిలి పడి వెచ్చగా ఉంటుంది. ఆ రెండూ పల్చగా పడితే గోడకు ఒక్క చుక్క తెల్ల రంగు లేకుండానే తెలుపు వచ్చేస్తుంది.

ఒక మడి, నాలుగు పచ్చలు

కొత్తవాళ్ల బొమ్మను దూరం నుంచే పట్టించేది ఆకుపచ్చ. డబ్బాలోది తీసి నేరుగా పూస్తే ప్లాస్టిక్ తీగలా ఉంటుంది. ఊరి చుట్టూ ఉన్నన్ని పచ్చలు ఏ డబ్బాలోనూ ఉండవు. ఆకుమడిలో వరినారు దాదాపు పసుపు, లెమన్ యెల్లోలో చిటికెడు నీలం చాలు. ఉభాలు (నాట్లు) అయిన కొత్తలో మడిలో పచ్చ కన్నా నీళ్లే ఎక్కువ, ఆకాశం రంగు వేసి, అది ఆరాక పైన పొడి కుంచెతో సన్నని గీతలు లాగాలి. పొట్ట మీదున్న చేను ముదురు, అల్ట్రామెరీన్ పాలు పెరిగి, కాస్త సియెన్నా పడాలి. సియెన్నా ఎందుకంటే ఆకుపచ్చ గొంతు చించుకోకుండా ఎరుపు దాన్ని తగ్గిస్తుంది. కోతకు వచ్చిన చేనుకు ఓకర్ మీద పల్చటి సియెన్నా పొర. ఒకే గట్టు మీద కూర్చుని నాలుగు నెలలు వేసినవాళ్లకు పచ్చలు కలపడం ఇంకెవరూ నేర్పక్కర్లేదు.

ఉద్దానం కొబ్బరి తోటలో ఇంకో పాఠం ఉంది. కొబ్బరి ఆకు నున్నగా ఉంటుంది కాబట్టి ఎండ పడ్డ పైభాగం ఆకుపచ్చగా కనిపించదు, ఆకాశాన్ని తిప్పికొడుతూ తెల్లటి నీలంగా మెరుస్తుంది. కింద నిలబడి పైకి చూస్తే అదే ఆకులోంచి వెలుగు దూరి, పసుపు మండినట్టుంటుంది. తాటాకు పచ్చలో బూడిద కలిసి ఉంటుంది. చెట్టు పేరు గుర్తుచేసుకుని రంగు వేయడం మానేసి, ఆకు మీద వెలుగు ఎటు నుంచి పడుతోందో చూస్తే ఇవన్నీ దొరుకుతాయి.

ఎర్రమట్టికి లైట్ రెడ్ అనే మట్టి ఎరుపు, సియెన్నా. నారింజ వైపు జారిపోకుండా ఒక చుక్క అల్ట్రామెరీన్. వాన పడ్డ మట్టి ఎండిన దానికన్నా రెండు మెట్లు ముదురు, మట్టి రేణువుల సందుల్లో నీరు చేరితే వెలుగు బయటికి తక్కువ వస్తుంది. ఎండిన దారి పక్కనే తడిసిన దారి వేస్తే చాలు, ఇప్పుడే చినుకు పడిందని బొమ్మే చెబుతుంది.

అచ్చులో ఉన్న రంగు వపాది కాదు

శ్రీకాకుళంలో బొమ్మలు మొదలుపెట్టిన వాళ్లు వడ్డాది పాపయ్యను చూడకుండా ముందుకు పోలేరు. 1921లో ఇక్కడే పుట్టి, 1992లో కన్నుమూసిన ఆయన ‘వపా’ సంతకంతో వేసిన చందమామ ముఖచిత్రాలు ఇప్పటికీ ఇళ్లలో దాచుకున్నవాళ్లున్నారు. వాటిని కాపీ చేయడం తప్పేమీ కాదు, పాత రోజుల నుంచీ అందరూ నేర్చుకున్న దారే అది. కానీ దేన్ని కాపీ చేస్తున్నారో తెలియాలి. చేతిలో ఉన్నది నాలుగు రంగుల సిరా చుక్కలతో అచ్చయి, ఏళ్ల తరబడి పసుపెక్కిన కాగితం. అందులోని ఎరుపును అచ్చంగా తెప్పించాలని పది ట్యూబులు కలిపితే ప్రెస్సు సిరాను అనుకరించినట్టవుతుంది. అచ్చులో చెడకుండా మిగిలేవి వేరే ఉన్నాయి: మనుషుల నిలుపు, గీత ఒంపు, వెలుగు ఎక్కడ పెట్టి చీకటి ఎక్కడ పెట్టారు, ఖాళీ ఎంత వదిలారు. ఒక ముఖచిత్రాన్ని ఒక్క అంబర్ రంగుతో మూడు మెట్లలో వేసి చూస్తే ఆయన పనితనం రంగు లేకుండానే బయటపడుతుంది. విజయనగరం చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు వేసిన పల్లె పడుచుల బొమ్మలను కూడా ఇలాగే గీత కోసం చదవాలి. రంగు మాత్రం పొలం గట్టు మీదే నేర్చుకోవాలి.

సీతంపేట కొండల్లో (ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం) సవర గిరిజనుల గోడ చిత్రాలు నీటిరంగుకు పూర్తిగా ఎదురు లెక్కలో నడుస్తాయి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లని బొమ్మలు. అక్కడ ముదురు ముందు, తెలుపు తర్వాత. మనుషులు, జంతువులు, చెట్లు అన్నీ చిన్న ఆకారాలుగా, ఒకదాన్ని ఒకటి కప్పకుండా ఉంటాయి. ఆ బొమ్మల వెనక పూజ ఉంది, నమ్మకం ఉంది. అలంకారం అనుకుని మోటిఫులు ఎత్తుకొచ్చి అతికించుకోవడం మర్యాద కాదు. చూసి నేర్చుకోదగ్గది మాత్రం ఒకటుంది. ఛాయలేమీ లేకుండా, ఆకారం ఒక్కదానితోనే అది నాట్యమా, దుక్కి దున్నడమా తెలిసిపోవాలి. బొమ్మలోని మనిషిని నీడబొమ్మలా నింపి చూసినా చేస్తున్న పని అర్థం కావాలన్న పరీక్ష ఇక్కడి నుంచే వస్తుంది.

ముగ్గు వేసే చేతికి కుంచె త్వరగా లొంగుతుంది. పిండి ఎంత జారాలో వేళ్లకు తెలుసు, వంపు తిరిగేటప్పుడు వేగం తగ్గకూడదని తెలుసు. ఎనిమిదో నంబరు గుండ్రటి కుంచెతో సన్నంగా మొదలై లావై మళ్లీ సన్నబడే గీత వేయడంలో ఉన్నదీ ఆ పట్టే. ఇంటి ముందు రోజూ చుక్కల ముగ్గు పెట్టే ఆడపిల్లలు ‘నాకు డ్రాయింగ్ రాదు’ అంటుంటే బాధ కలుగుతుంది.

కొనే వస్తువుల గురించి రెండు మాటలు చాలు. కుంచె సింథటిక్‌దైనా పరవాలేదు, తడిపి విదిలిస్తే మొన తేలాలి. ముంగిస వెంట్రుకల కుంచె ఎంత బాగున్నా ముట్టుకోకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని అమ్మడం, కొనడం నేరం. ట్యూబు మీద పేరు కన్నా ముఖ్యంగా, చిన్న అక్షరాల్లో ఉండే రంగు పదార్థం కోడ్ చూడాలి. అల్ట్రామెరీన్‌కు పీబీ 29, బర్న్ట్ సియెన్నాకు సాధారణంగా పీబీఆర్ 7. పీఆర్ 83 అని ఉంటే అది అసలు అలిజరిన్ క్రిమ్సన్, ఎండ తగిలే గోడకు పెడితే కొన్నేళ్లలో వెలిసిపోతుంది. ఇరవై నాలుగు రంగుల సెట్టు కన్నా కోడ్ చూసి కొన్న ఆరు ట్యూబులు ఎక్కువ కాలం తోడుంటాయి.

బొమ్మ పూర్తయ్యాక టేపు వెంటనే లాగకూడదు. చల్లదనం పూర్తిగా పోయాక, అంచు వైపు వంచి మెల్లగా తీయాలి. కాగితం ఒంపులు తిరిగితే వెనక వైపు కొంచెం చెమ్మ చేసి, పైనా కిందా బ్లాటింగ్ పేపరు పెట్టి, పాత డిక్షనరీల కింద ఉంచాలి. మేలో ఒక రాత్రి సరిపోతుంది, జులైలో రెండు మూడు రోజులు పట్టినా తొందరపడకూడదు. బయటికి తీశాక వెనక పెన్సిలుతో తారీఖు, మొదలుపెట్టిన టైము, పొర ఆరడానికి ఎంతసేపు పట్టింది, ఆ రోజు వాన పడిందా, ఫ్యాను వేశారా, ఇవన్నీ రాసి పెట్టాలి.